బిల్పిన్ కొండకు కొత్త పిస్టన్లు

క్వేకర్స్ హిల్ స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఒక ఇంటి ముందు గడ్డిలో ఆ బండి నిలబెట్టి ఉండేది. అమ్మకానికి అని రాసిన అట్టముక్క ఒకటి హ్యాండిల్‌కి కట్టారు. రోజూ ఉదయం రైలు అందుకోవడానికి పరిగెత్తుతూ దాన్ని చూసేదాన్ని. మూడు వారాలు గడిచినా ఎవరూ కొనలేదు. ఈలోగా వానపడి అట్ట మీద అక్షరాలు కారిపోయాయి. ఇంటాయన మళ్ళీ రాయను కూడా లేదు. నాలుగో శనివారం వెళ్ళి తలుపు కొట్టాను.

అప్పుడు నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడి కూర్చుంటాయని లోకం కంగారుపడుతున్న రోజులవి. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోట్లన్నీ వెతికి పట్టుకుని నాలుగంకెలు చేయడం నా ఉద్యోగం. ఆ పాత ప్రోగ్రాములు చదవగలిగిన వాళ్ళని హైదరాబాద్ నుంచి గంపగుత్తగా విమానాలెక్కించి తీసుకుపోయేవారు. నాకు సిడ్నీ వచ్చింది. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టి అప్పటికి ఏడాది కాలేదు. నన్ను ఎరిగినవాళ్ళు ఎవరూ లేని ఊరైతే చాలనుకుని సంతోషంగా ఒప్పుకున్నాను. ఎవరూ ఎరగకపోవడం ఎలా ఉంటుందో వచ్చాకే తెలిసింది.

ఒక ఇంటి వెనక పెరట్లో కట్టిన రెండు గదుల్లో అద్దెకుండేదాన్ని. ఇంటి వాళ్ళిద్దరూ షిఫ్టుల్లో పనిచేసేవారు. చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టే రోజున తప్ప కనిపించేవారు కాదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో "సీ యూ మండే" అన్నాక, సోమవారం పొద్దున టికెట్ కిటికీ దగ్గర "రిటర్న్, ప్లీజ్" అనేదాకా నా గొంతు నాకే వినపడని వారాలు ఉండేవి. మొదట్లో తెలుగు వాళ్ళ ఇళ్ళకి శనివారం భోజనాలకి వెళ్ళేదాన్ని. మగవాళ్ళు ముందు గదిలో షేర్ల గురించీ, ఎవరికి ఎంత కాలం కాంట్రాక్టు దొరికిందన్న దాని గురించీ మాట్లాడుకునేవారు. ఆడవాళ్ళు వంటింట్లో నన్ను అడిగేవారు.

"మీవారు ఎప్పుడొస్తున్నారండీ? వీసా ఇంకా ప్రాసెస్‌లో ఉందా?"

మొదటిసారి నిజం చెప్పాను. ఆ నిమిషం నుంచి అందరూ అవసరానికి మించిన ప్రేమతో మాట్లాడడం మొదలుపెట్టారు. రెండో ఇంట్లో "ఇంకా టైముందండీ" అని అబద్ధం చెప్పాను. మూడోసారి పిలిస్తే ఒంట్లో బాగోలేదన్నాను. ఆ తర్వాత పిలుపులు తగ్గిపోయాయి.

బండి నడపడం నాకు కొత్త కాదు. పాలిటెక్నిక్‌లో ఉన్న రోజుల్లో మా అన్న మధ్యాహ్నం నిద్రపోతుంటే తాళం చెవి తీసుకుని, కాలేజీ గ్రౌండులో నేర్చుకున్నాను. ఇక్కడికి వచ్చాక లైసెన్సు కోసం మళ్ళీ పరీక్ష రాశాను. కొత్తగా నడిపేవాళ్ళకిచ్చే ఎర్ర 'పీ' బిళ్ళ వెనక తగిలించుకుని, రూలు ప్రకారం తిరగాల్సినంత కాలం చిన్న బండి మీద తిరిగాను. గడ్డిలో నిలబడిన ఆ పెద్ద బండి కొనడానికి నాకు అర్హత వచ్చి అప్పటికి వారమే అయింది.

అది ఇంగ్లండులో తయారైన ఆరు వందల యాభై సీసీ బండి. రెండు సిలిండర్లు. నాకన్నా ఒక్క ఏడాది చిన్నది. బటన్ నొక్కితే స్టార్టయ్యే రకం కాదు. కాలితో తన్నాల్సిందే. ఇంటాయన నన్ను పైనుంచి కిందకి చూసి, ముందు స్టార్ట్ చేసి చూపిస్తేనే అమ్ముతానన్నాడు. ఐదో తన్నుకి స్టార్ట్ చేశాను. ఆరోది తన్నే ఓపిక నాకు లేదన్న సంగతి ఆయనకి తెలియదు.

పాత బండ్లున్న వాళ్ళు కొందరు ఆదివారం పొద్దున్నే రిచ్‌మండ్ పార్కు దగ్గర కలుస్తారని స్పేర్ పార్టుల షాపులో చెప్పారు. వెళ్ళాను. పది పన్నెండు మంది ఉండేవారు. ఎక్కువ మంది యాభై దాటిన మగవాళ్ళు, వాళ్ళలో ఒకరిద్దరి భార్యలు. "గుడ్ ఆన్ యూ, లవ్, కమ్ అలాంగ్" అన్నారు. అక్కడినుంచి నది దాటి, కురాజాంగ్ మలుపులెక్కి, బిల్పిన్ దాకా వెళ్ళి, యాపిల్ పై తిని తిరిగి రావడం వాళ్ళ అలవాటు.

కురాజాంగ్ ఎత్తు దగ్గర నా బండి ఆయాసపడిపోయేది. నాలుగో గేరు నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి దిగేదాన్ని. ముందు వాళ్ళు ఒక్కొక్కరే మలుపు తిరిగి మాయమయ్యేవారు. యాపిళ్ళ లారీ ఒకటి నన్ను దాటి వెళ్ళేది. వాళ్ళు మంచివాళ్ళు. ఎప్పుడూ వదిలేసి వెళ్ళలేదు. కొండ మీద ఒకచోట బండ్లు ఆపి నా కోసం ఎదురుచూసేవారు.

"యూ రైట్, లవ్?"

"ఫైన్. సారీ."

"నో డ్రామాస్. టేక్ యువర్ టైమ్."

అలా అంటూనే గ్లవ్స్ తొడుక్కునేవారు. సిగరెట్లు కాల్చుకుని, కబుర్లు చెప్పుకుని, వాళ్ళ విశ్రాంతి అప్పటికి అయిపోయేది. నేను వచ్చి చేరానంటే ఇక బయల్దేరే వేళ అయిందన్నమాట. బిల్పిన్‌లోనూ అంతే. నా ప్లేటు బల్ల మీదకి వచ్చేసరికి వాళ్ళ ప్లేట్లు ఖాళీగా ఉండేవి. వాళ్ళు హెల్మెట్లు పెట్టుకుంటుంటే నేను ఒక్కదాన్నే వేడి వేడి యాపిల్ పైని నాలిక కాల్చుకుంటూ తినేదాన్ని. తప్పంతా ఇంజనుదేననీ, అది బాగా లాగితే నేనూ వాళ్ళతో కలిసి కూర్చుంటాననీ అనుకున్నాను. అంతకన్నా తెలివైన ఆలోచన ఆ రోజుల్లో నాకు రాలేదు.

ఆఫీసు కంప్యూటర్లో ఇంటర్నెట్ ఉండేది. పాత బండ్ల వాళ్ళు రాసుకునే ఒక చర్చావేదిక దొరికింది. మధ్యాహ్నం భోజనం వేళ అది చదువుతూ ఒక పట్టిక తయారుచేశాను. ఎక్కువ కంప్రెషన్ ఇచ్చే ఎత్తు పిస్టన్లు, జంట కార్బురేటర్లు, రేసు బండ్లకి వాడే క్యామ్‌షాఫ్ట్, వెడల్పు సైలెన్సర్లు. దేని వల్ల ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుందో పక్కన రాసుకున్నాను. అన్నీ కలిపితే బిల్పిన్ కొండ మీద నాకు ఎదురే ఉండదు.

వాటిని బిగించే మనిషి బ్లాక్‌టౌన్‌లో, ఇండియన్ సరుకుల కొట్లో దొరికాడు. కరివేపాకు పొట్లం తీసి చూసి, "ఛ, ఇదీ వాడిపోయిందే" అని గొణుక్కున్నాను. వెనకనుంచి ఎవరో నవ్వారు.

"నువ్వు తెలుగు పిల్లవా పాపా?"

తిరిగి చూస్తే అరవై దగ్గర పడుతున్న మనిషి. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. ఆయన తెలుగు నేను ఎక్కడా వినని రకంది. మా అమ్మమ్మ తరం మాటలకి మధ్యలో హిందీ, ఇంగ్లీషు అతుకులు పడ్డాయి. ఫిజీలో పుట్టాడట. తాతని చెరుకు తోటల పనికి నెల్లూరు వైపు నుంచి ఓడలో తీసుకుపోయారట. తను అక్కడ చక్కెర మిల్లు లారీలు రిపేరు చేసేవాడు. పంతొమ్మిది వందల ఎనభై ఏడులో అక్కడ సైన్యం గద్దెనెక్కిన గొడవల తర్వాత కుటుంబంతో సిడ్నీ వచ్చేశాడు. నా చేతిలో హెల్మెట్ చూసి, బయటికి వచ్చి, బండి స్టార్ట్ చేయమన్నాడు. తల పక్కకి వంచి విన్నాడు.

"ఎడం పక్క సరిగా కొట్టడం లే. శనివారం తీసుకురా. షెడ్డుంది నాకు, స్కోఫీల్డ్స్‌లో."

ఇప్పుడు స్కోఫీల్డ్స్‌లో ఎటు చూసినా ఒకే రకం కప్పులున్న కొత్త ఇళ్ళు, ప్రతి మూడో గడపకీ మామిడాకుల తోరణం. అప్పుడు అక్కడ గుర్రాలు మేసే పొలాలుండేవి. ఆయన షెడ్డు అలాంటి ఒక పొలం చివర ఉండేది. లోపల ట్రాక్టర్లు, గడ్డి కోసే మిషన్లు, పేరు తెలియని పాత మోటార్లు ఉండేవి. నేను పట్టిక తీసి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, మడిచి నాకే ఇచ్చాడు.

"కాయితం వద్దు పాపా. నీకేం కావాల్నో నోటితో చెప్పు."

"కొండ మీద నేను వెనకపడిపోతున్నాను అంకుల్. వాళ్ళతో సమానంగా వెళ్ళాలి."

"అంతే గదా? దానికి ఇంజను విప్పే పని లే. ముందర చైను తిప్పే పళ్ళచక్రం ఉండాది చూడు, దాంట్లో ఒక పన్ను తక్కువది ఏస్తాం. కొండ సుళువుగా ఎక్కతాది. చదునులో స్పీడు కొంచెం పోతాది. దట్స్ ఆల్."

"చదునులో కూడా వాళ్ళు స్పీడుగానే వెళ్తారు అంకుల్. నాకు పవర్ కావాలి."

ఆయన నిట్టూర్చి, ఒక డబ్బా మీద కూర్చుని, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. రేసు క్యామ్ వేస్తే స్పీడు మీద బాగా లాగుతుంది కానీ సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను ఆగిపోతుంది. రెండు కార్బురేటర్లు ఒకే మంట మీద రెండు గిన్నెల లాంటివి, ఒకటి పొంగకుండా ఇంకొకటి మాడకుండా వారం వారం చూసుకోవాలి. సైలెన్సర్ల వల్ల వచ్చేది చప్పుడే. ఇక పిస్టన్లు.

"పిస్టన్ పవర్ ఇస్తాది, అబద్ధం చెప్పను. లోపల పేలుడు గట్టిగా ఉంటాది. కిక్ కొట్టేటప్పుడు నీ కాలికీ అంతే గట్టిగా ఉంటాది. నువ్వెంత బరువు?"

నాకు కోపం వచ్చింది. "మగవాడినైతే ఇలా అడిగేవారా?"

ఆయన నొచ్చుకోలేదు. నిజంగానే ఆలోచించి చెప్పాడు. "సన్నగా ఉంటే అడుగుతా. లావుగా ఉంటే అడగను."

"యాభై ఒక్క కిలోలు."

"నా మాటైతే పళ్ళచక్రం."

నేను పట్టు విడవలేదు. చివరికి రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు. ముందు బ్రేకులు కొత్తవి వేయాలి. పిస్టన్లు తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు. "ఒకటి మార్చు, నడిపి చూడు. మళ్ళా ఇంకోటి. రెండు ఒకేసారి మారిస్తే ఏది మంచి చేసిందో, ఏది చెడ్డ చేసిందో ఎవడికి తెలస్తాది?" అన్నాడు. ఆఫీసులో నేను కొత్తగా చేరినవాళ్ళకి చెప్పే మాటే అది. ఒక్క లైను మార్చు, టెస్ట్ చెయ్యి, తర్వాతే రెండోది. మెకానిక్ నోట అదే మాట విని ముచ్చటపడ్డాను కూడా.

పిస్టన్లు ఇంగ్లండు నుంచి రావడానికి ఆరు వారాలు పట్టింది. బిగించడానికి మూడు శనివారాలు. ఇప్పుడు ఆలోచిస్తే అది ఒకటిన్నర రోజుల పని. ఆయన తొందరపడలేదు, నేనూ తొందరపెట్టలేదు. పన్నెండవగానే పక్కనే ఉన్న వాళ్ళింట్లోంచి ఆయన భార్య, ఆంటీ, పిలిచేది. ఆవిడకి తెలుగు రాదు. వాళ్ళ ఫిజీ హిందీ, నా హైదరాబాద్ హిందీ ఎలాగోలా కలిసిపోయేవి. పప్పు, రొట్టెలు, ఉడకబెట్టిన కర్రపెండలం, డబ్బా చేపల కూర. పిల్లలిద్దరికీ తెలుగు ముక్క రాదనీ, అవ్వ పోయాక తనతో తెలుగు మాట్లాడినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరనీ అంకుల్ ఒకసారి చెప్పాడు. రైలుని పొగబండి అనేవాడు. ఇప్పుడు అలా ఎవరూ అనరని చెబితే, "మరేమంటారు?" అనడిగాడు. "రైలు" అన్నాను. "అది ఇంగ్లీషు గదా!" అని పడి పడి నవ్వాడు.

చివరి శనివారం ఇగ్నిషన్ టైమింగ్ పెడుతూ, "దీన్ని కొంచెం వెనక్కి పెడతాండా. లోపల నిప్పురవ్వ ఆలస్యంగా పడతాది. పవర్ ఒక రవ్వ తగ్గినా నీ కాలికి మంచిది" అన్నాడు. తలూపాను.

ఆ ఆదివారం కురాజాంగ్ ఎత్తు మూడో గేర్లో ఎక్కాను. ముందు బండి వెనక దీపం ఒక్క మలుపులో కూడా నా కంటికి దూరం కాలేదు. హెల్మెట్ లోపల గట్టిగా అరిచాను. బిల్పిన్‌లో అందరితో పాటు బండి ఆపి, అందరితో పాటు బల్ల దగ్గర కూర్చున్నాను. "బ్లడీ హెల్, ఏం చేశావు దానికి?" అన్నారు. చెప్పాను. రెండు నిమిషాలు పిస్టన్ల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఒకాయన కూతురి పెళ్ళి, ఇంకొకాయన మోకాలి ఆపరేషను, ఫుట్‌బాల్, ఎప్పుడో ముప్ఫై ఏళ్ళ కిందట అందరూ కలిసి మెల్‌బోర్న్ వెళ్ళినప్పటి సంగతులు. ఎవరూ నన్ను దూరం పెట్టలేదు. నాకోసం కుర్చీ జరిపారు, క్రీము అందించారు. ఆ మాటల్లో నేను అడుగుపెట్టే చోటు లేదు, అంతే. వేడి యాపిల్ పై అందరితో పాటు తిన్నాను. ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చున్నట్టే ఉంది.

ఇంటికి వచ్చి ఆ సంగతి ఒప్పుకోవాల్సింది. ఒప్పుకోలేదు. వరసలో నేనింకా చివరినుంచి మూడోదాన్నే కదా అనుకున్నాను. చర్చావేదికలో ఎవరో రాశారు. ఎత్తు పిస్టన్లు వేసి టైమింగ్ వెనక్కి పెట్టుకుంటే సగం లాభం పారబోసుకున్నట్టేనట. ఎంత ముందుకి జరపాలో అంకెలతో సహా ఇచ్చాడు. ఆయనెవరో, ఆయన బండి ఏదో నాకు తెలియదు. అంకుల్‌ని అడిగితే వద్దంటాడని తెలుసు కాబట్టి అడగలేదు. ఒక శనివారం సాయంత్రం పెరట్లో బండి పక్కన చాప వేసుకుని, ఇంజను కుడిపక్క గుండ్రటి మూత విప్పి, లోపలి ప్లేటుని స్క్రూలు వదులుచేసి వేలితో కాస్త జరిపాను. బియ్యపు గింజంత. మళ్ళీ బిగించేశాను. పది నిమిషాల పని.

మర్నాడు పొద్దున ఏడున్నరకి కిక్ మీద బరువంతా వేసి తన్నాను. పిస్టన్ పైకి వస్తుండగానే రవ్వ పడింది. కిక్ లివర్ వెనక్కి తిరగబడి నా పాదాన్ని ఎగరగొట్టింది. పటుక్కున ఏదో విరిగిన చప్పుడు ముందు వినపడింది, నొప్పి తర్వాత వచ్చింది. కిందపడ్డాను. బండి ఇంకో పక్కకి ఒరిగింది. పక్కింటాయన గడ్డి కోసుకుంటున్నాడు. నేను పిలిచిన పిలుపులు ఆ మిషను మోతలో ఆయనకి చేరలేదు. ఆయన వీపు నాకు కనబడుతూనే ఉంది. హెల్మెట్ తియ్యకుండానే పాకుతూ లోపలికి వెళ్ళి ఫోను కిందకి లాగాను. ఎవరికి చేయాలి అని ఆలోచించడానికి ఎక్కువ టైము పట్టలేదు. ఉన్నది ఒక్క నంబరే.

అంకుల్, ఆంటీ పావుగంటలో వచ్చారు. నన్ను ఎత్తి, యూట్ అని పిలిచే వాళ్ళ చిన్న ట్రక్కులో ఇద్దరి మధ్యన కూర్చోబెట్టారు. ఆంటీ నా తల తన భుజం మీద పెట్టుకుంది. అంకుల్ స్టీరింగ్ పట్టుకుని రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"కిక్ ఎనక్కి కొట్టిందా?"

"ఊఁ."

"టైమింగ్ నేనే గదా పెట్టినా. వెనక్కే పెట్టినా. యాడ తప్పినా నేను?"

ఆ క్షణంలో చెప్పి ఉంటే సరిపోయేది. నొప్పితో మాట రాలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నొప్పి ఉన్నమాట నిజమే. ఆంటీని మంచినీళ్ళు అడగడానికి మాత్రం మాట వచ్చింది.

మడమ దగ్గర రెండు చోట్ల విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆఫీసు వాళ్ళు ప్రోగ్రాముల కాగితాలు అట్టపెట్టెల్లో ఇంటికి పంపారు. మంచం మీద కూర్చుని ఎర్ర పెన్నుతో తారీఖులు వెతికేదాన్ని. ఆదివారం బండ్ల క్లబ్బు వాళ్ళు అందరూ సంతకాలు చేసిన కార్డు పంపారు. ఒకాయన ఫోను చేసి, "బ్యాడ్ లక్, లవ్. బాగయ్యాక చెప్పు" అన్నాడు. వాళ్ళని తప్పుపట్టడానికి ఏమీ లేదు. నేనెప్పుడూ వాళ్ళని ఇంటికి పిలిచినదాన్ని కాదు.

వచ్చింది ఆంటీ ఒక్కతే. రోజు విడిచి రోజు క్యారియర్ పట్టుకుని వచ్చేది. తల రుద్ది స్నానం చేయించేది. అంకుల్ ఆవిడని దింపి, యూట్‌లోనే కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే గుమ్మం దాకా వచ్చి, కట్టు వైపు చూసి, "నొప్పి తగ్గిందా పాపా?" అని వెళ్ళిపోయేవాడు. మూడో వారంలో ఆంటీ నా తల దువ్వుతూ చెప్పింది. ఆయన షెడ్డు తెరవడం లేదట. ఎవరో ఇంజను తెస్తే, "నా చేతికి నమ్మకం పోయింది, వేరే చోటికి తీసుకుపో" అని తిప్పి పంపేశాడట. నలభై ఏళ్ళలో తన చేతి పని వల్ల ఒక మనిషికి దెబ్బ తగలడం ఇదే మొదటిసారని పదే పదే అంటున్నాడట.

దువ్వెన నా తలలో ఆగి, మళ్ళీ కదిలింది. అప్పుడూ నేను నిజం చెప్పలేదు. చెబితే కోపగించుకుంటారన్న భయం కాదు నాది. చెప్పిన మర్నాటి నుంచి ఆ యూట్ చప్పుడు మా వీధిలో వినపడదేమోనన్న భయం. ఆ ఆరు వారాల్లో నా గుమ్మం ముందు ఆగిన బండి అదొక్కటే. ఆయన పరువుని నా ఒంటరితనానికి ఆసరాగా వాడుకుంటున్నానని తెలుసు. తెలిసే, ప్రతి రెండో రోజూ క్యారియర్ విప్పి తిన్నాను.

కట్టు విప్పిన వారం ట్యాక్సీలో స్కోఫీల్డ్స్ వెళ్ళాను. నాకు దెబ్బ తగిలిన రోజే ఆయన నా బండిని తెచ్చి షెడ్డులో పెట్టాడు. గోడకి ఆనించి, గోనెపట్టా కప్పి ఉంది.

"విప్పి చూశారా అంకుల్?"

"లే. ముట్టుకోబుద్ధి కాలే."

"టైమింగ్ మీరు పెట్టినట్టు లేదు. ముందురోజు నేను మార్చాను. ముందుకి జరిపాను. మీకు చెప్పలేదు."

 ఆయనకి అర్థం కాలేదేమో అనుకుని మళ్ళీ చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపాడు. పట్టా తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, గుండ్రటి మూత విప్పి, టార్చి వేసి చూశాడు. తను గీసుకున్న గీతకీ, ప్లేటుకీ మధ్య ఎడం మీద వేలు పెట్టాడు. చాలాసేపు ఆ వేలు అక్కడే ఉంచాడు.

"ఆరు వారాలు" అన్నాడు.

"తప్పయిపోయింది అంకుల్."

"మీ ఆంటీకి నువ్వే చెప్పు. నేను చెప్పను."

ఆంటీ వంటింట్లో రొట్టెలు చేస్తోంది. చెప్పాను. ఆవిడ వింటూ రొట్టె తిప్పింది, ఇంకో రొట్టె వేసింది. నేను ముగించాక చేతులు కడుక్కుని ప్లేటు పెట్టి, "ఖా లో" అంది. ఎప్పుడూ నా ఎదురుగా కూర్చునేది. ఆ రోజు పెరట్లోకి వెళ్ళి బట్టలు తీసుకుంటూ ఉండిపోయింది.

పాత పిస్టన్లు మళ్ళీ వేయమని అడిగాను. అంకుల్ రెంచీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "యూ డూ ఇట్" అన్నాడు. నాలుగు శనివారాలు చేశాను. ఆయన డబ్బా మీద కూర్చుని చూశాడు. ఏది ముందు విప్పాలో, ఎంత బిగించాలో ఇంగ్లీషులోనే చెప్పాడు. "జెంట్లీ." "నాట్ దట్ వన్." "వైప్ ఇట్ ఫస్ట్." నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేవాడు. ఆయన నామీద అరవలేదు, దారినపోయే వాళ్ళతో ఎలా మాట్లాడతాడో నాతోనూ అలాగే మాట్లాడాడు. అంతకన్నా అరిచి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం భోజనానికి ఎవరూ పిలవలేదు. నేను సాండ్‌విచ్ తెచ్చుకునేదాన్ని.

మూడో శనివారం నేనే అడిగాను. "ఆ ఒక పన్ను తక్కువ చక్రం వేసుకోనా?"

"యూ వాంట్ ఇట్?"

"కావాలి."

లోపలికి వెళ్ళి, నూనె కాగితంలో చుట్టిన చక్రం తెచ్చాడు. ఎప్పుడో కొని పెట్టినట్టున్నాడు. కొత్త చైనుతో పాటు నేనే బిగించాను. నాలుగో శనివారం బండి స్టార్ట్ చేసి, పొలం గట్టు వెంట ఒక చుట్టు తిరిగి వచ్చాను. ఆయన తల వంచి ఇంజను విని, "క్లచ్చి మెల్లిగా వదులు. చైను కొత్తది, సాగతాది" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. అంతకుమించి ఏమీ లేదు. ఆ సోమవారం నుంచి ఆయన షెడ్డు మళ్ళీ రోజూ తెరుస్తున్నాడని సరుకుల కొట్టతను చెప్పాడు.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. మా పని అంత బాగా చేశామో, అసలు ఆ పనే అక్కర్లేదో ఎవరికీ తెలియలేదు. కాంట్రాక్టు అయిపోయి టీము చెదిరిపోయింది. నాకు ఒక డాట్‌కామ్‌లో ఉద్యోగం దొరికింది. ఏడాదిలో అదీ మూతపడి, ఇంకొకటి దొరికింది. అంకుల్ కొడుక్కి బ్రిస్బేన్ వైపు పని దొరికిందని వాళ్ళు షెడ్డు ఖాళీ చేశారు. తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇల్లు కట్టుకున్నారని విన్నాను. వెళ్ళే ముందు కలిశాను. ఆంటీ కౌగిలించుకుంది. అంకుల్ చెయ్యి కలిపాడు. రెండు దీపావళులకి ఫోను చేసుకున్నాం. కుశలం అడిగాక ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. మూడో ఏడు ఆయన చేయలేదు. నేనూ చేయలేదు.

క్లబ్బుతో ఒక్కసారే మళ్ళీ వెళ్ళాను. కొండ తేలిగ్గానే ఎక్కాను, చదునులో వెనకపడ్డాను. మొదటి ఆగే చోట వాళ్ళు నాకోసం చూస్తుంటే ఆగకుండా చెయ్యి ఊపి, మీరు వెళ్ళండని సైగ చేశాను. ఆ తర్వాత ఆదివారాలు నా దారిన నేను వెళ్ళడం అలవాటైంది. ఒంటరిగా ఉండటం తగ్గిందని చెప్పను. దాన్ని ఏదో ఒకటి బిగించి బాగుచేయవచ్చన్న ఆశ మాత్రం పోయింది.

ఒక చలికాలం, విండ్సర్ దాటి, పుట్టీ రోడ్డు పట్టుకుని అడవి మధ్యలోంచి ఉత్తరానికి వెళ్ళాను. గంటల తరబడి చెట్లు తప్ప ఏమీ లేవు. చివరికి ఒక పెట్రోలు పంపు వచ్చింది. దాన్ని నడిపే పెద్దావిడ బయటికొచ్చి, బండినీ నన్నూ చూసింది.

"సిడ్నీ నుంచి ఒక్కదానివే వచ్చావా?"

అవునన్నాను.

"ఎప్పుడు బయల్దేరావు?"

చెప్పాను. ఆవిడ గోడ గడియారం చూసి నవ్వింది. "మా ముసలాయన పాల వ్యాను కూడా ఇంతకన్నా ముందే వచ్చేది" అంది. టీ తాగుతావా అని అడిగి, జవాబు వినకుండానే లోపలికి వెళ్ళింది. ఆ పూట నేను తప్ప ఇంకో గిరాకీ వచ్చినట్టు లేదు. ఇద్దరం బయట బల్ల మీద ఎండలో కూర్చున్నాం. నా కప్పు ఖాళీ అయ్యేదాకా ఆవిడ లేవలేదు. కప్పు కడిగి ఇచ్చి, మూడో తన్నుకి బండి స్టార్ట్ చేసుకుని బయల్దేరాను.